బంగారు కాగితం చుట్టిన డబ్బా

వేడి తీగతో థర్మకోల్ కోసేటప్పుడు ఒక కమురు వాసన వస్తుంది, ముక్కులోంచి గొంతులోకి దిగి అక్కడే కూర్చుంటుంది. మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటి దగ్గరి స్టేషనరీ కొట్టుకి స్కెచ్ పెన్నుల కోసం వెళ్తే, కొట్టాయన ఆ పనిలోనే ఉన్నాడు. నా పక్కన యూనిఫాంలో ఉన్న మా అక్క కూతుర్ని చూడగానే, "సైన్స్ ఫేరా మేడమ్? అగ్నిపర్వతం రెడీగుంది, గుండె ఉంది, ఊపిరితిత్తులు రేపొస్తయ్. సదివి చెప్పనీకి ఇంగ్లీష్ల పేపర్ సుత ఇస్తం" అన్నాడు. ఆయన తప్పేం లేదు, అడిగేవాళ్ళుంటేనే కదా అమ్ముతాడు. కానీ నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్నులు కొనకుండానే పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

నాన్న ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి మేం ఇక్కడికి వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. నా పేరు సత్యవతి. ఆ పాతకాలం పేరు, నూనె కారే రెండు జడలు, నోట్లోంచి మాటిమాటికీ జారే "ఏటి" అన్న మాట చాలు, ఆ స్కూల్లో నన్ను ఏడిపించడానికి ఇంకేమీ అక్కర్లేదు. "ఏటి సత్తెమ్మా, ఏటి తెచ్చావేటి?" అంటూ నా టిఫిన్ డబ్బా మూత తీసి, అమ్మ ఆవ పెట్టి చేసిన పనసపొట్టు కూర ఘాటుకి ముక్కులు మూసుకుని పడీ పడీ నవ్వేవాళ్ళు. మధ్యాహ్నం వరండాలో ఆడపిల్లలంతా గుండ్రంగా కూర్చుని తినేవాళ్ళు. అందులో ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో సంజన తేల్చేది. సంజన మా క్లాస్ లీడర్, తిరుమలగిరి నుంచి కార్లో వచ్చి దిగేది, ఇంగ్లీషు గడగడా మాట్లాడేది. ఆ గుండ్రానికి అవతల, నీళ్ళ కుళాయి పక్క మెట్టు మీద, కిచిడీలో చింతపండు ఖట్టా పోసుకుని ఒంటరిగా తినే నసీమ్ ఒకరోజు కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

"గాళ్ళను ఇడువు. గా కూర నాకు జెర పెట్టు" అంది.

నసీమ్ వాళ్ళది అల్వాల్‌లో పరుపుల దుకాణం. వాళ్ళింటికి వెళ్తే గాలిలో దూది ఎగురుతూ ఉండేది, కిటికీలోంచి పడే ఎండలో ఆ పీచు ఎటు తేలుతుందో, ఎందుకలా తేలుతుందో చూస్తూ మేమిద్దరం మంచి నీళ్ళు తాగడం కూడా మరిచిపోయేవాళ్ళం. మైలుతుత్తం నీళ్ళలో దారం వేలాడదీసి నీలం స్ఫటికాలు పెంచాం, ఎండాకాలం సెలవుల్లో పచ్చి మామిడికాయ రసంతో కాగితం మీద కనపడని రాతలు రాసి పెనం మీద కాల్చి చదివాం, బోనాల జాతరలో కొన్న బూర చీల్చి శబ్దం ఎక్కడ పుడుతుందో వెతికాం. అమ్మ కేకలేసేది: "ఏటే ఆ పెనం గతి! రేపు అట్లెలా పొయ్యాలే నాను?" అయినా మరునాడు నసీమ్ వస్తే అదే పెనం మీద అట్లు పోసి పెట్టేది.

స్కూల్లో మాత్రం సైన్సు మీద ఇష్టం ఉండటం ఒక జబ్బులాంటిది. పరీక్షల ముందు రోజు మమ్మల్ని ఆ గుండ్రంలోకి పిలిచేవాళ్ళు, పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు, బొమ్మలు వేయించుకునేవాళ్ళు, కాంతి పాఠం మొదటి నుంచి చెప్పించుకునేవాళ్ళు. పరీక్ష అయిపోయిన మధ్యాహ్నానికి మళ్ళీ కూరలో కరివేపాకు. సంజన పుట్టినరోజుకి క్లాసంతా వెళ్ళింది, మేమిద్దరం తప్ప. "సైంటిస్టులకు టైం ఉండదు కదా!" అని సంజన అందరి ముందూ అంటే అంతా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

పదో తరగతిలో మేం ఆ డబ్బా చేశాం. చెప్పుల డబ్బా ఒక చివర బ్లేడుతో వెంట్రుక సందంత చీలిక, రెండో చివర లోపల పాత సీడీ ముక్క, పైన కన్ను పెట్టడానికి ఒక బెజ్జం. మామూలు బల్బు వైపు తిప్పితే రంగులన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయిన పట్టీ కనిపించేది. ట్యూబ్‌లైట్ వైపు తిప్పితే అదే పట్టీ తెగి, ఆకుపచ్చ, ఊదా గీతలు విడివిడిగా మెరిసేవి. మొదటిసారి చూసినప్పుడు నసీమ్ నా భుజం పట్టుకుని గిల్లింది, నొప్పి కూడా తెలియలేదు. పైకి తెల్లగా ఒకేలా ఉన్న వెలుతురులో ఇంత తేడా ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమే చూశాం.

ఆ డబ్బా మీద నసీమ్ చదువు ఆధారపడి ఉంది. ఇంటర్లో ఎంపీసీ చదువుతానంటే వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. సీఈసీ తీసుకుని దుకాణం లెక్కలు చూసుకోమన్నాడు. చివరికి బతిమాలగా బతిమాలగా ఒక మాటిచ్చాడు. "ఎగ్జిబిషన్ల ప్రైజ్ రానీ, కాయితం మీద నీ పేరు కనబడనీ. గప్పుడు ఎంపీసీ సదువు, నేనేమనను." సైన్స్ మేడమ్‌కి ఈ సంగతంతా నసీమే చెప్పుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

మేడమ్ అంతా విని, "చూద్దాంలే" అంది. తర్వాత ఎక్స్‌ప్లెయినర్లను ఎంపిక చేసింది. మా స్కూల్లో అదొక ఆచారం: మోడల్ చేసేది ఒకరు, దాని పక్కన నిలబడి చీఫ్ గెస్టుకి వివరించేది ఇంకొకరు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు, పొడుగ్గా తెల్లగా ఉన్నవాళ్ళు ఎక్స్‌ప్లెయినర్లు. మా డబ్బా సంజనకి వెళ్ళింది. "నువ్వు చెప్తే స్కూల్ పరువు పోతుంది సత్యవతీ, ఏటి, ఏటి అంటావు" అని మేడమ్ నవ్వింది. నసీమ్ వైపు తిరిగి, "నీకు రోజా కదమ్మా, అంతసేపు నిలబడలేవు" అంది, మహా జాలి పడుతున్నట్టు. ఉపవాసంతోనే రోజూ బస్సు దొరక్క అల్వాల్ నుంచి నడిచొచ్చే పిల్లకి నిలబడటం రాదట!

ఎగ్జిబిషన్ రోజు పొద్దున హాల్లోకి వెళ్తే మా డబ్బాని మేమే గుర్తు పట్టలేదు. ముందురోజు సాయంత్రం డెకరేషన్ అని చెప్పి, మేడమ్ దాని చుట్టూ నిగనిగలాడే బంగారు రంగు కాగితం అతికించింది. కన్ను పెట్టే బెజ్జం మాత్రం కత్తెరతో నీటుగా కత్తిరించి వదిలింది. వెలుతురు లోపలికి వెళ్ళాల్సిన చీలిక మీద కాగితం బిగుతుగా అంటుకుని ఉంది. లోపల చిమ్మచీకటి.

మమ్మల్ని తాడుకి ఇవతల నిలబెట్టారు. సంజన బట్టీ పట్టిన ఇంగ్లీషు అప్పజెబుతోంది. చీఫ్ గెస్టు వంగి బెజ్జంలో కన్ను పెట్టాడు, కాసేపు చూశాడు, లేచి "వెరీ బ్యూటిఫుల్" అన్నాడు. ప్రిన్సిపాల్ చూసి "వండర్‌ఫుల్" అన్నాడు. తల్లిదండ్రులు వరసగా వచ్చి చీకట్లోకి చూసి, తలలూపి, సంజన బుగ్గలు నిమిరి వెళ్ళారు. ఏమీ కనపడలేదని ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్క మనిషి అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాడు దాటి వెళ్ళి, "మేడమ్, అందులో ఏటీ కనపడదు!" అని అరిచాను.

హాలంతా గొల్లుమంది. నేను చెప్పినది విని కాదు, "ఏటీ" విని. మేడమ్ నా జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చి, "అసూయ ఉండొచ్చు గానీ ఇంత ఉండకూడదు" అంది. ఫస్ట్ ప్రైజ్ ఆ డబ్బాకే వచ్చింది. సర్టిఫికెట్ మీద ఒకటే పేరు, సంజనది.

ఆ సాయంత్రం నసీమ్ ఖర్జూరం నోట్లో వేసుకుని, మంచినీళ్ళు తాగి, వాళ్ళ డాబా మీద, స్కూల్నుంచి వెనక్కి తెచ్చుకున్న డబ్బాకున్న ఆ బంగారు కాగితమంతా గోళ్ళతో పీకింది. ఏడవలేదు. అప్పుడే వెలుగుతున్న వీధిదీపం వైపు డబ్బా తిప్పి, "చూడవే, గీ పసుపు లైటుకు ఏరే గీతలున్నయ్" అని నాకిచ్చింది. కింద వాళ్ళ నాన్న ఎవరితోనో అంటున్నాడు, ప్రైజ్ వేరే పిల్లకొచ్చిందట, ఇక ఆ ముచ్చట బందని. జూన్‌లో నేను ఎంపీసీలో చేరాను, నసీమ్ సీఈసీలో చేరింది.

ఇప్పుడు ఆ స్కూలు లేదు, ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కట్టారు. మేడమ్ ఎక్కడుందో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పసుపు వీధిదీపాలు పోయి ఊరంతా తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాయి. ఎక్స్‌ప్లెయినర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా అక్క కూతురి స్కూల్లో మొన్ననే ఎంపిక జరిగిందట. ఆ వాసన, ఆ కోపం దిగక, కొట్టు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక నసీమ్‌కి ఫోన్ చేశాను. పరుపుల దుకాణంలో గల్లా మీద ఉంది, వెనక బేరాలు వినిపిస్తున్నాయి. వాళ్ళనీ వీళ్ళనీ నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని నవ్వింది.

"పరేషాన్ గాకు. అయిపోయిన దానికి గిప్పుడు గుస్సా ఎందుకే?" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "సత్యా, గీ ఎల్‌ఈడీ లైట్లొచ్చినయ్ గదా, డబ్బాల చూస్తే గీతలెట్ల కనబడ్తయే? మా గల్లీల పెట్టిన కాంచి అడుగుదామనుకుంటున్న."