జిరాక్సు ఇచ్చిన గ్యారంటీ

సోఫాలు, కుర్చీలు బాగుచేసే ఆ దుకాణందారును వీధిలో అందరూ జిరాక్సు అనే పిలుస్తారు. అతని దుకాణంలో కాపీలు తీసే యంత్రమేదీ లేదు. మనిషే కాపీ. నాన్న ముక్కు, నాన్న బట్టతల, నాన్నలాగే ఎడమచేత్తో సుత్తి పట్టడం, చివరికి తుమ్మితే పక్కింటి పిల్లి పారిపోవడం కూడా నాన్న నుంచి వచ్చిందే. అచ్చుగుద్దినట్టు తండ్రేనని చూసినవాళ్ళు మురిసిపోతారు. ఆ మాట వింటే అతను మాత్రం చప్పున మాట మార్చేస్తాడు. ఎందుకంటే నాన్న నలభై ఎనిమిదో ఏట పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. తాత పోయిందీ ఆ జబ్బుతోనే.

పోలికతో పాటు రోగమూ వస్తుందని ఇంట్లో మొదట ఎవరన్నారో తెలియదు గానీ, అందరూ నమ్మేశారు. దాంతో జిరాక్సుకు రాజభోగం పట్టింది. బరువులు ఎత్తనివ్వరు. కిటికీ పక్కనున్న మెత్తటి కుర్చీ అతనిదే. పాల మీద మీగడ అతనికే. అమ్మ పోలికతో పుట్టిన చెల్లెలిది గట్టి పిండమని తేల్చి, గ్యాస్ బండలు మోయడం, నీళ్ళ ట్యాంకు కడగడం ఆమెకు అప్పగించారు. ఆమె పెద్దయ్యాక పాల వ్యాను నడపడం మొదలుపెట్టింది. ఆమెకు జ్వరమొచ్చినా డాక్టరు మాట ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తదు.

భోగం సంగతెలా ఉన్నా, లోపల మనిషి నలిగిపోయాడు. అది బయటపడింది గ్యారంటీల్లో. ముప్పై ఎనిమిదో ఏట అతను తాను కుట్టిన సోఫాకు పదేళ్ళ గ్యారంటీ ఇచ్చేవాడు. తరవాత ఏటా ఒక్కో ఏడాది తగ్గిస్తూ వచ్చాడు. నలభై ఏడుకు అది ఒక్క ఏడాదికి దిగింది. ఇతని పని నానాటికీ తీసికట్టు అవుతోందేమోనని గిరాకీ అంతా ఎదురు దుకాణానికి మళ్ళింది. కుట్టు ఎప్పటిలాగే గట్టిది. తాను ఉండని ఏడాదికి తాను మాటివ్వకూడదని అతని నియమం, అంతే. పిచ్చి నియమమే, కాదనను. అబద్ధమాడలేనివాడి పిచ్చి అలాగే ఉంటుంది మరి.

అలాంటి సమయంలో మేనత్తకూ అదే జబ్బు వచ్చింది. ఆపరేషనై కోలుకుంది. ఆమె రక్తపరీక్షలో ఒక జన్యువులో మార్పు కనబడిందనీ, అన్నగారి పిల్లలు కూడా జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడాలనీ ఆసుపత్రివాళ్ళు చెప్పారు.

"తోడు రావే, కళ్ళు తిరిగితే పట్టుకోవాలి" అన్నాడు జిరాక్సు.

"నీ బ్యాగు మోయడానికి రమ్మంటున్నావు, అంతేగా" అంటూనే చెల్లెలు వ్యాను తీసింది.

కౌన్సెలర్ కళ్ళజోడు పెట్టుకున్న చిన్న వయసు అమ్మాయి. జిరాక్సు అలవాటుకొద్దీ కుర్చీ సీటు నొక్కి చూసి, స్ప్రింగు కుంగిందని గొణిగి కూర్చున్నాడు. ఆమె ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బు వచ్చిందో అడిగి, కాగితం మీద మగవాళ్ళకు గళ్ళు, ఆడవాళ్ళకు సున్నాలు గీసింది.

"నాకు పరీక్షెందుకండీ. ముఖం చూస్తే తెలియట్లేదా" అన్నాడతను.

"మీ మేనత్తగారు ఎవరి పోలికండీ?" అని అడిగిందామె.

అన్నాచెల్లెళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. మేనత్తది గుండ్రటి ముఖం, ఒత్తైన జుట్టు. తాత పోలిక ఆవగింజంతైనా లేదు.

"వాళ్ళమ్మ పోలిక" అంది చెల్లెలు, నెమ్మదిగా.

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరికీ తట్టని సంగతి అది. కౌన్సెలర్ నవ్వకుండా చెప్పింది. "ముక్కు తెచ్చే జన్యువులు వేరు, ఇది వేరు. రెండూ కలిసి రావాలనేం లేదు. నాన్నగారి దగ్గర ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి బాగున్నది, ఒకటి మార్పున్నది. ప్రతి బిడ్డకూ వాటిలో ఒక్కటే వస్తుంది. మీకు సగం అవకాశం. ఈవిడకూ సగమే."

"నాకా?" చెల్లెలి ఒళ్ళోని బ్యాగు కిందికి జారింది.

"వచ్చినా జబ్బు వచ్చేసినట్టు కాదండీ. మిగతావాళ్ళకంటే ముప్పు ఎక్కువని అర్థం. ఏడాదికో రెండేళ్ళకో పేగులోకి కెమెరా గొట్టం పంపి చూస్తారు. చిన్న బుడిపెలు కనిపిస్తే అప్పుడే తీసేస్తారు. చాలావరకు క్యాన్సర్ దాకా పోకుండా ఆపొచ్చు."

పుట్టినరోజునే తీర్పు రాసేశారని నమ్మినవాడు, అది బొమ్మా బొరుసా వ్యవహారమని తెలిసేసరికి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఇద్దరూ రక్తమిచ్చి వచ్చారు.

కొన్ని వారాల తరవాత ఫలితం వచ్చింది. మార్పు జిరాక్సుకు లేదు. చెల్లెలికి ఉంది.

"తారుమారై ఉంటుందండీ, మళ్ళీ చూడండి. ఉండాల్సింది నాకు" అని అతను బతిమాలాడు. చూసే చెప్తున్నానంది కౌన్సెలర్. "మీకూ అసలు రాదని కాదండీ. అందరికీ ఉన్నంత ముప్పే మీకూ" అని కూడా అంది. అతను వినలేదు. ఏడుస్తున్నాడు. తనకు దక్కిన ఆయుష్షు చెల్లెలి దగ్గర లాక్కున్నట్టు అనిపించిందతనికి.

చెల్లెలు వ్యాను తాళాలు పిడికిట్లో బిగించింది. ఆమెకూ భయమేసింది. ఆ తరవాత అంది, "అయితే ఇన్నేళ్ళూ నా మీగడ నువ్వు తిన్నావన్నమాట."

కౌన్సెలర్‌కు నవ్వాగలేదు.

చెల్లెలి మొదటి పరీక్షలో రెండు బుడిపెలు దొరికాయి. అక్కడికక్కడే తీసేశారు. క్యాన్సర్ కాదన్నారు. సరైన సమయానికి వచ్చారని డాక్టరు అన్నప్పుడు, తోడు వచ్చి బ్యాగు మోస్తున్న జిరాక్సు ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటికి రాగానే కిటికీ పక్క కుర్చీని విప్పేశాడు. కొత్త స్ప్రింగులు వేసి, చెల్లెలి ఎత్తుకు తగ్గట్టు వీపు పెంచి, మళ్ళీ కుట్టి అదే చోట వేశాడు.

ఆమె కూర్చుని అటూ ఇటూ కదిలి చూసింది. "గ్యారంటీ ఎన్నేళ్ళు?"

"ముప్పై."

"అన్నేళ్ళు నేనుండొద్దూ?"

"ఉండక ఎక్కడికి పోతావు. ప్రతి పరీక్షకూ నేనే తీసుకెళ్తా."

"అప్పటికి స్ప్రింగు పోతే?"

"నేనుంటాగా" అన్నాడు జిరాక్సు.

అతని నోట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. చెల్లెలు కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"సరే, ఉండేవాడివి ఊరికే నిలబడ్డావేం" అంది. "వెళ్ళి నా మీగడ పట్రా."