పెద్ద బావ దగ్గుకు చోటు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా ఇంటి పిల్లి ఎలుకను పట్టిందని చెప్పాల్సి వస్తే, వినేవాడి మొహాన్ని బట్టి ఆ ఎలుక పందికొక్కు అవుతుంది. వినేవాడు మరీ అమాయకుడైతే గొర్రెపిల్ల కూడా అవుతుంది. ప్రొద్దుటూరు ఎండ గురించి చెప్పేటప్పుడు మాత్రం కోయను. అందులో పెంచడానికి నాకు ఏమీ మిగల్లేదు.

నా వృత్తి మోటారు పెట్టెలు చేయడం. పొలంలో బోరు దగ్గర స్టార్టరు పక్కన ఆ పెట్టె బిగిస్తే, రైతు ఇంట్లో మంచం మీద నుంచే ఫోన్ కొట్టి మోటారు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. పెట్టెలోని ప్రోగ్రాం నేను రాస్తాను, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మీది గదిలో. టంకం వేసి, చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కించే పని నా భాగస్వామిది, జమ్మలమడుగులో. ఆ చిప్పు ఎంతదంటే, ఒకసారి దాని మీద చీమ కూర్చుంటే, చిప్పును ఎవరో ఎత్తుకుపోయారని పొద్దంతా వెతికాం. దాని మెమరీ ఇంకా చిన్నది.

ఆ కాస్త మెమరీని పంచిపెట్టే ప్రోగ్రాం ముక్కను అలొకేటర్ అంటారు. సంతలో జాగా గీసిచ్చే పెద్దమనిషి పని దానిది. గాజులవాడికి మూరెడు, ఉల్లిగడ్డల బండికి నాలుగు బారలు. వాళ్లు మూట కట్టుకుని పోయాక ఆ జాగా ఇంకొకడికి. సి అనే కంప్యూటర్ భాషలో రాసే ఈ పెద్దమనిషికి బుద్ధులన్నీ పుట్టకముందే నేర్పాలి. ఒక ఫైలులో వరుసగా డిఫైన్‌లు ఉంటాయి, కావాలంటే ఒకటి, వద్దంటే సున్నా, లేదా ఒక లెక్క. మొత్తం జాగా ఎంత? పక్కపక్కన ఖాళీ అయిన ముక్కలను కలపాలా, వద్దా? జాగా దొరక్కపోతే ఆగిపోవాలా, మళ్లీ మొదలవ్వాలా? ఎన్ని ఫోన్ నెంబర్లను రానివ్వాలి? కంపైల్ చేసే ముందే, అంటే రాసిందాన్ని చిప్పు భాషలోకి మార్చకముందే, ఇవన్నీ తేల్చేయాలి. వద్దన్న బుద్ధి తాలూకు కోడ్ చిప్పులోకే రాదు. తర్వాత పొలంలో నిలబడి పెట్టెను బతిమాలినా, తన్నినా, దాని ముందు టెంకాయ కొట్టినా అది మారదు. మారాలంటే పెట్టె ఊడదీసి జమ్మలమడుగు పోవాలి.

మా ఆవిడకు అన్నలిద్దరు, తమ్ముడొకడు. పులివెందుల దగ్గర, సింహాద్రిపురం వైపు వాళ్ల చీనీ తోట, అంటే బత్తాయి తోట. చెట్లు పంచుకున్నారు. గట్లు పంచుకున్నారు. గట్టు మీది వేపచెట్టు నీడ పొద్దున ఎవరి వైపు పడుతుందో, సాయంత్రం ఎవరి వైపు పడుతుందో కూడా పెద్దమనుషుల ముందు తేల్చుకున్నారు. బోరు ఒక్కటే మిగిలింది. దాన్ని నిలువునా కోయడం కుదరక, నీళ్లు వంతుల మీద పెట్టుకున్నారు. వంతులు పెట్టె చూసుకుంటుందని చెప్పి నా పెట్టె బిగించాను.

పెద్ద బావ చదువుకోలేదు. మెసేజీలు వద్దు, ఫోన్ చేస్తే పెట్టె మాట్లాడాలన్నాడు. అదీ తన గొంతుతోనే మాట్లాడాలన్నాడు. ప్రొద్దుటూరు వచ్చి, మా గదిలో ఫ్యాను ఆపించి, కింద అంగడిలో బేరాలు కూడా ఆపించి, రికార్డరు ముందు కూర్చున్నాడు. ముందు దగ్గాడు. మామూలు దగ్గు కాదది. గండికోట లోయలో దగ్గితే రాళ్లు దొర్లుతాయి. ఆ తర్వాత, "మోటారు ఆడతాండాది" అన్నాడు.

"దగ్గు తీసేస్తాను బావా" అన్నాను.

"యాల తీసేది? అది లేకుంటే పెద్దోడు మాట్లాడతాండాడని ఎట్ల తెలుస్తాదప్పా? ఇన్నేండ్లలో దగ్గకుండా ఇంట్లోకి యానాడన్నా పోయినానా?"

నిజమే, పోలేదు. ఆయన వాకిట్లో దగ్గితే కోడళ్లు కొంగు సర్దుకుంటారు, టీవీ గొంతు తగ్గుతుంది, కుక్క లేచి పక్కకు జరుగుతుంది. దగ్గు ఉంచేశాను, మాటతో పాటు అదీ చిప్పులోకే ఎక్కింది.

ఆ ఏడు చెట్లను పూతకు ఎండబెట్టారు. చీనీకి అదొక పద్ధతి. కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆకు మెలితిరిగే వేళకు మళ్లీ పెడితే చెట్టు ఒళ్లంతా పూస్తుంది. ఆ వేళ తప్పితే మాత్రం పూతతో పోదు, చెట్టే పోతుంది. సరిగ్గా నీళ్లు మళ్లీ పెట్టే వారంలో చిన్న బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, నీ పెట్టె సచ్చింది."

"చావలేదు. ఆగింది."

"ఆగిందానికీ సచ్చిందానికీ చెట్టుకేం తేడా?"

ఆ మాట విన్న మా ఆవిడ అందుకుంది. "లోకంలో పెట్టెలన్నీ పనిచేస్తాండాయి. ఆగిపోయేది సూసి సూసి మా తోటకే తెచ్చిపెట్టినావా?"

వెళ్లి చూస్తే కారణం తెలిసింది. ఒకరి వంతు నడుస్తుంటే మిగతా ఇద్దరికీ కుదురుండదు. వంతు దాటి వాడుకుంటున్నాడేమోనని పెట్టెకు ఫోన్ కొట్టి కనుక్కుంటారు. వాళ్ల భార్యలు కొడతారు. పెళ్లాల అన్నదమ్ములు చెన్నూరు నుంచి కొడతారు. నిమిషానికి లక్ష ఫోన్లు. ప్రతి ఫోనుకూ పెట్టె నెంబరుకొక చిన్న ముక్క, గొంతుకొక పెద్ద ముక్క మెమరీ గీసిస్తుంది, తిరిగి తీసుకుంటుంది. ముక్కలు కలపాలన్న బుద్ధికి నేను సున్నా పెట్టి ఉన్నాను. ఆ కోడ్ చిప్పులో పట్టలేదు కాబట్టి పెట్టాను. పూటకల్లా సంతంతా ఖాళీయే, కానీ మధ్యలో గీతలు అలాగే ఉన్నాయి. గాజులవాడికి చాలుతుంది, బండికి చాలదు. జాగా లేకపోతే ఆగిపొమ్మన్నాను గనుక, పెట్టె బుద్ధిమంతురాలిలా మోటారు ఆపేసి కూర్చుంది.

"అయితే ఆగొద్దు, మళ్లీ మొదలవ్వు" అని మార్చి జమ్మలమడుగు తీసుకుపోయాను. నా భాగస్వామి పెట్టె విప్పుతూ, "ఈ చిప్పు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాందప్పా" అన్నాడు. కొత్త ప్రోగ్రాం ఎక్కించి బిగించి వచ్చాం. పెట్టె ఇప్పుడు చచ్చి బతకడం మొదలుపెట్టింది. బతికిన ప్రతిసారీ నడుస్తున్న వంతును మొదటి నుంచి లెక్కపెట్టేది.

నడిపాయన, అంటే రెండో బావ, తోటలో నుంచి నాకు ఫోన్ చేసి అరిచాడు. "వాని వంతు సగమయ్యేసరికి మళ్లా మొదలైతాంది. వానిది అయిపోయేది ఎప్పుడు, నాది వచ్చేది ఎప్పుడు? చిన్నోనికి బావవని పెట్టెలో వాని పక్కే చేరినావా?"

ఇక మిగిలింది పెట్టె రానిచ్చే నెంబర్ల సంఖ్య. ఒకటి అని పెడితే ఫోన్లు తగ్గుతాయి, ముక్కలు తగ్గుతాయి, నీళ్లు పారతాయి. తోటలో ముగ్గురినీ కూర్చోబెట్టి, ఎవరి నెంబరు పెట్టాలో చెప్పమన్నాను.

"పెద్దోన్ని నేనుండంగా అడిగేదేంది?" అన్నాడు పెద్ద బావ.

"నీ నెంబరు పెడితే మా వంతు నీళ్లు ఎండిన పెన్నలోనే చూసుకోవాల" అన్నాడు నడిపాయన.

చిన్నవాడు కాస్త ఆలోచించి, "బావ నెంబరే పెట్టుకోనీ. ఆయనకు తోట లేదు గదా" అన్నాడు.

ముగ్గురిలో తెలివైనవాడు దొరికాడని నేను సంతోషపడేలోపే నడిపాయన కండువా దులిపాడు. "ఇప్పుడు లేదు. రేపు చెల్లెలి భాగమని వస్తాది. నీళ్లు చేతిలో ఉంటే చెట్లు చేతికి రాక యాడికి పోతాయి?"

నేను కోతలు కోసేవాడినే గానీ, ఆ మాటను మాత్రం పెంచకుండానే మోసుకొచ్చాను. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె కూర గిన్నె దించి, మూత పెట్టి, చేతులు తుడుచుకుంది. అన్నలకు ఫోన్ చేయడం ఆ రోజుతో మానేసింది.

నేను చిప్పులో మూలమూలలా వెతికాను. ముక్కలు కలపాలన్న బుద్ధికి ఒకటి పెడితే అన్నీ కుదురుతాయి, నెంబర్లు ఎన్నైనా ఉండొచ్చు. ఆ కోడ్‌కు మాత్రం చోటు లేదు. పెద్ద చిప్పు పెట్టాలంటే బోర్డే కొత్తగా చేయాలి, అప్పటికి చెట్లు ఉండవు. కొలిచి చూస్తే, నాకు కావాల్సిన చోటు అచ్చంగా పెద్ద బావ దగ్గు అంత ఉంది.

"కోసెయ్యప్పా, చెప్పకుండా" అన్నాడు నా భాగస్వామి.

"మొదటి ఫోనుకే కనిపెడతాడు. పెట్టెను గొడ్డలితో నరుకుతాడు."

"అయితే అడుగు."

వెళ్లాను. చెట్ల ఆకులు అప్పటికే వేళ్లలా ముడుచుకుని ఉన్నాయి. పెద్ద బావ గట్టు మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు. దగ్గు తీసేస్తే తోట మొత్తానికి నీళ్లు పారతాయని చెప్పాను. ఆయన ముడుచుకున్న ఆకొకటి తుంచి అరచేతిలో విప్పి చూశాడు. తర్వాత, "తీసేయప్పా. దగ్గుదేముండాది, నేను బతికుండేది అందరికీ తెలుసు గదా" అన్నాడు. తీసేశాను, కలపాలన్న బుద్ధికి ఒకటి పెట్టాను, కంపైల్ చేశాను. నీళ్లు చివరి చెట్టు దాకా పోయాయి. ఆ సాయంత్రం ముగ్గురూ ఒకే గట్టు మీద కూర్చుని ఒకే చెంబులో మజ్జిగ తాగారు.

చీమ, గండికోట రాళ్లు, నిమిషానికి లక్ష ఫోన్లు, ఇవన్నీ పెంచినవి. వాటికి పెంచడానికి అడుగున ఏదో ఒకటి ఉంది. ఏమీ లేకుండా కల్పించింది మాత్రం ఇప్పుడు మీరు చదివిన ఆ చివరి ముక్కే. పెద్ద బావ ఆ మాట అనలేదు, నీళ్లు పారలేదు, మజ్జిగ ఎవరూ తాగలేదు. ఆయన గట్టు మీద కూర్చున్నది నిజం, నేను అడిగింది నిజం. ఆయన అన్నది ఇది: "నా దగ్గు మీదికి వచ్చినారా అందరూ? ఊడబీక్కొని పో నీ పెట్టె."

ఊడదీసుకుని వచ్చాను. స్టార్టరుకు ముగ్గురూ మూడు తాళాలు వేసుకున్నారు. మోటారు వేయాలంటే ముగ్గురూ ఒకే వేళకు రావాలి. రాలేదు. ఆ వేసవి దాటకముందే ఎండిన చెట్లు కొట్టించి బొగ్గుల బట్టీకి తోలారు.