రెండు క్షణాలు ఆగలేక

2012లో ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య సొంత డీజిల్ కారు కిరాయికి నడిపేవాణ్ణి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బో రెండు క్షణాలు ఆలోచించి గానీ అందుకునేది కాదు. విసుగొచ్చి మెకానిక్‌తో పికప్ పెంచించాను.

"అన్నా, ఇగ టర్బో మస్తు వేడైతది. ఆగంగనే ఇంజన్ బంద్ చెయ్యకు, జరసేపు నడవనియ్యి," అన్నాడతను.

డీజిల్ దండగని, స్టాండులో ఆగీ ఆగగానే తాళం తిప్పే అలవాటు మానలేదు.

నెల తిరక్కుండానే, ఆయాసపడుతున్న బాపును కామారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో టర్బో పగిలింది. తెల్లటి పొగ కమ్మేసింది. తాళం తీసేసినా, టర్బోలోంచి కారిన ఆయిల్‌నే తాగుతూ ఇంజన్ అరిచి అరిచి బిగుసుకుపోయింది.

"ఇంకెంతసేపైతది బిడ్డా?" అన్నాడు బాపు.

రెండు క్షణాలు ఓర్చుకోలేని నేను, ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఇంకో బండి కోసం గంటసేపు చూశాను. బాపు అంతసేపు ఆగలేదు.