పాజిటివ్ అని నేను అనలేదు

మా తీరంలో రొయ్యల ల్యాబుల వాళ్లు ఒక జోకు చెప్పుకుంటారు. ఎమ్మెస్సీ చదివిన ఒకమ్మాయి 'పాజిటివ్' అంటే మంచి కబురనుకుని, జబ్బు పట్టిన చెరువు బాగుందని రైతుకు చెప్పిందట. ఆమె అలా అనుకోలేదు. ఆ జోకు కట్టింది నేను.

తెల్లమచ్చ వైరస్ సోకితే రొయ్య పెంకు మీద తెల్లటి మచ్చలు పడతాయి. మా ల్యాబులో వాటిని తలంబ్రాలు అనేవాళ్లం. జబ్బు తేలిన చెరువుకు 'పెళ్లి' అయినట్టు. పొద్దస్తమానం చచ్చిన రొయ్యలు కోసుకుంటూ కూర్చునే మాకు ఆ నవ్వు కావాల్సి వచ్చేది. ఆ పేర్లు పెట్టింది నేనేనని కాస్త గర్వం కూడా.

ఆమె చేరి వారమే అయింది. పరీక్షకు రొయ్యలిచ్చిన మైపాడు రైతు ఒకాయన ఫోన్ చేశాడు, జబ్బుందా, రొయ్యలు చావకముందే పట్టేయాలా, ఆగొచ్చా అని. ఆమె ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "సార్, ఈయన చెరువు ఎట్టుంది?" అని అడిగింది.

నేను కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "పెళ్లే. తలంబ్రాలు దండిగా పడ్డాయి."

"శుభమే అన్నా!" అందామె ఫోన్లో. తను కూడా మా జోకులో కలిసిందనుకుని నవ్వాను. ఆ తర్వాత ఏం చెప్పిందో వినలేదు.

నాలుగో రోజుకు గట్ల వెంబడి రొయ్యలు చచ్చి తేలాయి. రైతు ల్యాబు మీదికొచ్చాడు. మేనేజర్ మా ముగ్గురినీ గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు.

"బాగుందని ఎట్టా చెప్పావమ్మా?"

"సార్ పెళ్లన్నారు సార్. బాగుందేమో అనుకున్నా."

"పెళ్లేంది?" రైతు లేచి నిలబడ్డాడు. "నా చెరువు మీకు ఎగతాళిగా ఉండాదా?"

మేనేజర్ నా వైపు తిరిగాడు. నిజం చెబితే పోయేది నా ఉద్యోగం.

"నేను పాజిటివ్ అనే చెప్పాను సార్. పాజిటివ్ అంటే మంచిదనుకుందేమో."

మేనేజర్ ఫక్కున నవ్వాడు. రైతు నవ్వలేదు. "చదువుకున్నదానివేనా నువ్వు?" అన్నాడు ఆమెతో. ఆమె మాత్రం నన్నే చూస్తూ, "చెప్పండి సార్, మీరేమన్నారో చెప్పండి" అంది, రెండుసార్లు. నేను పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

సాయంత్రానికల్లా ఆమెను తీసేశారు. తర్వాత జువ్వలదిన్నె వైపు ఇంకో ల్యాబుకు ఇంటర్వ్యూకు వెళితే, "పాజిటివ్ మేడం మీరేనా?" అని నవ్వారట. ఆ సంగతి అప్పుడే నా చెవిన పడింది. వాళ్లకు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు.