జిగురు మేస్త్రీ కడిగిన నలభై మూడు కాగితాలు

పత్రాల భాండాగారంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసిన ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, దాన్ని హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా ఎవరూ వాడలేదు. అందరికీ ఆయన జిగురు మేస్త్రీ. చిరిగిన కాగితం వెనక పల్చటి కాగితం వేసి, పిండి జిగురుతో అతికి, అతుకు ఎక్కడుందో అతికినవాడే వెతుక్కునేలా చేసేవాడు. ఆ జిగురు కూడా తానే ఉడికించుకునేవాడు. బజారులో దొరికే సీసా జిగురు తెప్పిస్తామని ఎవరైనా అంటే, దాన్ని మీ పిల్లల గాలిపటాలకు వాడుకోండి అనేవాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆయన గది సగం నేలలోకి దిగి ఉండేది. కిటికీ రోడ్డు మట్టానికి ఉండటంతో, వచ్చేపోయే జనం మోకాళ్ల కింది భాగమే కనిపించేది. పొడవాటి బల్ల, రెండు వెడల్పాటి తొట్లు, ఒక కుళాయి, తడి కాగితాలు ఆరవేసే తీగలు, సిరా పీల్చే అద్దుడు కాగితాల దొంతర, చేతికి అలవాటైన నాలుగు కుంచెలు. ఇదీ ఆయన రాజ్యం. పైఅంతస్తుల్లో డైరెక్టర్లు వస్తూ పోతూ ఉండేవారు. ఈయన కింద ఉండిపోయాడు.

ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా ఆ పెట్టెలు వచ్చాయి. పేరుమోసిన నాటకకర్త ఒకాయన పోయిన ఎనిమిది నెలలకు, ఆయన కొడుకు తండ్రి సొంత కాగితాలన్నీ పదకొండు పెట్టెల్లో తెచ్చి భాండాగారానికి అప్పగించాడు. ఉత్తరాలు, మందుల చీటీలు, నటుల మీద చాడీలు రాసుకున్న డైరీలు, సగంలో వదిలేసిన నాటకాలు, వాటి మధ్య ఒక విరిగిన కళ్లజోడు. ఇంట్లో వాటిని మెట్ల కింద, కారే గొట్టం పక్కన పెట్టి ఉంచారట. సగం పెట్టెలు బూజు వాసన కొట్టాయి. పెద్దాయన ఆఖరి నాటకం చేతిరాత ప్రతి కూడా అందులోనే దొరికింది. నలభై మూడు కాగితాలు, ప్రతి దాని మీదా గోధుమరంగు నీటి చారలు.

ఆ నాటకం తెలియనివాళ్లు అరుదు. విషం తాగి చావాలని కూర్చున్న ఆడమనిషి, చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, గ్లాసు పక్కన పెట్టి, "చావాలనుకున్నదానికి ఆకలెందుకు వేస్తుందో. నాకు వేస్తోంది. తినడానికేమైనా ఉందా?" అంటుంది. అక్కడ తెర పడుతుంది. ఆ ఒక్క మాటతో ఆయన గొప్పవాడయ్యాడు. బడిపిల్లలు కూడా ఆ మాటను అప్పజెబుతారు.

పెద్దాయన మొదటి వర్ధంతికి ఆ ప్రతిని అద్దాల బల్లలో పెట్టి జనానికి చూపించాలని డైరెక్టరు నిర్ణయించాడు. గడువు పందొమ్మిది రోజులు. కాగితాలు శుభ్రంగా, చారలు లేకుండా కనిపించాలన్నాడు. కాగితమంటే పెళ్లికూతురు కాదు అలంకరించడానికి, అని మేస్త్రీ మనసులో అనుకున్నాడు గానీ పైకి సరేనన్నాడు.

ఇక సోమవారాల సంగతి. పెట్టెలు వచ్చాయన్న కబురు పేపర్లో పడినప్పటి నుంచి ప్రతి సోమవారం ఒక ముసలావిడ వచ్చేది. డెబ్బై నాలుగేళ్లుంటాయి. పెద్దాయన బృందంలో ఇరవై ఆరేళ్లు ప్రాంప్టరుగా చేసింది. అంటే, తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మాట మరిచిన నటుడికి మాట అందించేది. బృందంలో ఆమెను తెరచాటమ్మ అనేవారు. పైన ఎవరూ పట్టించుకోకపోవడంతో మేస్త్రీ గదికి దిగి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేది. ఏ నటుడు ఏ మాట దగ్గర తడబడేవాడో, ఎవరు కాలు బెణికినా మూడు అంకాలు నిలబడ్డారో, అన్నీ చెప్పేది. ఆ కబుర్లన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చేవి. ఆఖరి నాటకంలో పెద్దాయన రాసిన ముగింపు వేరట. ఆడమనిషి విషం తాగి, చచ్చే ముందు రెండు పేజీల ఉపన్యాసం ఇచ్చేదట. రిహార్సల్సులో ఎవరికీ ఏడుపు రాలేదు సరికదా, దీపాలవాడు కునికిపాట్లు పడ్డాడట. అప్పుడు ఈమె కాగితాల పక్క అంచుల్లో కొత్త ముగింపు రాసి ఇచ్చింది. పెద్దాయన తన ముగింపును కొట్టేసి, దీన్ని ఆ కాగితాల వెనకే తన చేత్తో సాపు రాసుకుని అచ్చు వేయించాడు. రెండో ముద్రణలో నీ పేరు వేస్తానన్నాడు. ఎనిమిది ముద్రణలు అయ్యాయి.

ఆమె అడిగింది చాలా చిన్నది. "నాకు పేరూ వద్దు, ఊరేగింపూ వద్దు నాయనా. మీరు ఏ పెట్టెలో ఏముందో జాబితా రాస్తారట కదా. అందులో ఆ పక్క రాతలు ఇంకొకరి చేతివి అని ఒక్క ముక్క రాస్తే చాలు. చచ్చేలోపు అది చూసుకోవాలి" అంది. పెద్దాయన కొడుక్కి ఇది తెలిసి, ఆవిడకు మతి తప్పిందని డైరెక్టరుకు ఫోను చేశాడు.

ఆమెకు మతి తప్పలేదని ఈ ప్రపంచంలో మేస్త్రీ ఒక్కడికే తెలిసింది. దుమ్ము దులుపుతుండగా ముప్పై ఏడో కాగితం నుంచి, నీటి చారలు అందని పక్క అంచుల్లో బూడిదరంగు పెన్సిలు రాతలు బయటపడ్డాయి. చిన్న అక్షరాలు, ఎడమవైపు వాలినవి. పెద్దాయన చేతికీ వాటికీ పోలికే లేదు. ఆకలి మాట అక్కడే ఉంది. దాని కింద, "ఇది మా అమ్మ అన్న మాట. మార్చవద్దు" అని ఉంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి భార్యతో, ఆవిడ చెప్పేదంతా అక్షరాలా నిజమే అన్నాడు. మరి ఆవిడతో చెప్పారా అని భార్య అడిగింది. జాబితా పూర్తయ్యేదాకా పెట్టెల్లో ఏముందో బయటివాళ్లకు చెప్పకూడదన్నది ఆఫీసు నియమం. పద్ధతి ప్రకారం జాబితాలోనే చూసుకుంటుందిలే, ఆ ముక్క నా చేత్తోనే రాస్తాను అన్నాడు. ఒక వారంలో పోయేదేముంది అనుకున్నాడు.

కాగితాన్ని నీళ్లలో పెట్టే ముందు దాని మీద ఉన్న ప్రతి రాతనూ నీటి చుక్కతో పరీక్షించాలి. ప్రతి కాగితాన్నీ ఫోటో తీయాలి. ఈ రెండూ కొత్తగా చేరినవాళ్లకు నేర్పింది మేస్త్రీయే. కెమెరా మరమ్మతుకు పోయి ఉంది. గడువు ఆరు రోజులకు వచ్చింది. మొదటి కాగితం మీద సిరాకు చుక్క పెట్టి చూశాడు, కదలలేదు. పెన్సిలుకు పెట్టలేదు. ముప్పై ఏళ్లలో పెన్సిలు రాత నీళ్లలో కరగడం ఆయన చూడలేదు మరి. అనుభవం మనిషికి కళ్లూ ఇస్తుంది, గంతలూ కడుతుంది. నలభై మూడు కాగితాలనూ రెండు తొట్లలో ఒక్కసారే దించి, మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి ఒక తొట్టిలో నీళ్లు ఊదారంగులో ఉన్నాయి.

అది మామూలు పెన్సిలు కాదు. వెనకటి ఆఫీసుల్లో నకళ్లకు వాడిన కాపీ పెన్సిలు. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగే. తడి తగిలిందా, ఊదా సిరా అయి కూర్చుంటుంది. ఆ సంగతి మేస్త్రీ ఎప్పుడో పుస్తకంలో చదివాడు, కళ్లతో చూడటం అదే మొదలు. కాగితాలు పైకి తీస్తే, అంచుల్లో అక్షరాలు ఉబ్బి, ఒకదానిలోకి ఒకటి పాకి ఉన్నాయి. అయినా సగం దాకా పోల్చుకోవచ్చు. అప్పటికప్పుడు అద్దుడు కాగితాల మధ్య పెట్టి తడి పీల్చేస్తే ఆ సగమైనా దక్కేది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు.

కానీ అలా దక్కించిన కాగితాలను పైకి తీసుకెళ్లి చూపించాలి. పరీక్ష చేశావా అని అడుగుతారు. లేదనాలి. ముప్పై ఏళ్ల పేరు, కొత్తవాళ్ల ముందు తాను కొట్టిన గొప్పలు, వర్ధంతికి ఆరు రోజులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. మేస్త్రీ వెళ్లి తలుపు గడియ పెట్టాడు. స్పిరిటు సీసా దించి, ఊదా మరక పడ్డ ఏడు కాగితాలనూ అందులో ముంచి, రంగు పూర్తిగా విడిచేదాకా మూడుసార్లు కడిగాడు. ఆరాక, మిగిలిన బూడిద నీడను మెత్తటి రబ్బరుతో ఓపిగ్గా తుడిచేశాడు. పని చీటీలో, "అంచులలో ఊదారంగు మరకలు. తొలగించడమైనది" అని రాసి సంతకం పెట్టాడు. నీళ్ల తొట్టిలో జరిగిందాన్ని పొరపాటు అనుకుందాం. స్పిరిటులో జరిగింది పొరపాటు కాదు. కంచే చేను మేసింది, అదీ తలుపు వేసుకుని మేసింది.

ఇంటి దగ్గర భార్య ఆ సోమవారం కూడా అడిగింది, ఆవిడతో చెప్పారా అని. అవి రాతలు కావట, మరకలట అన్నాడు. ఎవరన్నారంది. నేనే అన్నాడు. ఆమె కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆఫీసు సంగతులు అడగడం మానేసింది.

వర్ధంతి ఘనంగా జరిగింది. కాగితాలు తెల్లగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. పెద్దాయన కొడుకు మేస్త్రీ చేతులు పట్టుకుని, మా నాన్న అక్షరాన్ని బతికించారు అన్నాడు. మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

రెండు వారాల తర్వాత, చూసుకోవడానికి అనుమతి వచ్చాక, తెరచాటమ్మ చదువుకునే గదిలో కూర్చుంది. నలభై మూడు కాగితాలనూ ఒక్కొక్కటిగా తిప్పింది. చివరి ఏడింటినీ మళ్లీ తిప్పింది. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చూసింది. కాగితాలు తిరిగి తీసుకోవడానికి వచ్చింది మేస్త్రీయే. కావాలంటే ఇంకెవరినైనా పంపేవాడే, కానీ దూరంగా ఉండలేకపోయాడు.

"దుమ్ము దులిపింది నువ్వే కదా నాయనా. పక్కన పెన్సిలు రాతలేమైనా కనిపించాయా?"

నీళ్లు నమిలే వ్యవధి కూడా తీసుకోలేదాయన. "లేవమ్మా" అన్నాడు.

ఆమె కాగితం అంచును వేలి చివరతో తడిమింది. "ఆయన చెరిపేస్తాడేమోనని, రబ్బరుకు లొంగని పెన్సిలు ఏరి మరీ పట్టుకున్నాను. అది చెరిగే రకం కాదు. చెరగలేదంటే, మరి..." అని ఆగింది. లెక్క తనలో తాను సరిచూసుకుంది. "మరి నేను రాయలేదన్నమాటే కదా. వినీ వినీ, ప్రతి ఆటలో ఆ మాట నేనే అందించీ అందించీ, నేనే రాశాననుకున్నాను కాబోలు. నిన్ను చాలా విసిగించాను. ఏమీ అనుకోకు."

ఆమె బరువుగా లేచింది. కుర్చీ వెనక్కి జరపడానికి మేస్త్రీ సాయం చేశాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. గొంతు దాకా వచ్చింది కూడా. అప్పటికి ఉద్యోగం ఏడు నెలలే మిగిలి ఉంది, ఆ ఏడు నెలల పరువు ఆయనకు ఆ ముసలామె జీవితం కంటే పెద్దదిగా కనిపించింది. ఇంతకు మించి ఆయన తరఫున చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.

ఉద్యోగం అయిపోయింది. దండలు వేశారు, శాలువా కప్పారు. ఇంట్లో కూర్చున్నాక కుళాయి కింద చెయ్యి కడుక్కుంటూ నీళ్లకేసి చూస్తూ ఉండిపోయేవాడు. ఒకరోజు భార్య విసిగిపోయి, "అన్నం తింటున్నారో గడ్డి తింటున్నారో మీకే తెలియడం లేదు. వెళ్లి ఎవరితో చెప్పాలో వాళ్లతో చెప్పి రండి" అంది.

ముందు భాండాగారానికి వెళ్లాడు. డైరెక్టరు అంతా విని, పని చీటీ తెప్పించి బల్ల మీద పెట్టాడు. ఇందులో మరకలని ఉంది, సంతకం మీదే, ఇప్పుడు మీరు రాతలంటున్నారు, ఈ రెంటిలో నేను దేన్ని భద్రపరచాలి అని అడిగాడు. మా దగ్గర కాగితమే సాక్షి, ఆ మాట నాకు నేర్పింది మీరే కదా అన్నాడు. కాఫీ తెప్పించాడు. ఆరోగ్యం చూసుకోమని పంపేశాడు.

తెరచాటమ్మ తన మేనకోడలి ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటోంది. ఆమె ఆయన్ని గుర్తుపట్టి సంతోషించింది. మేస్త్రీ కూర్చున్నవాడు కూర్చున్నట్టే మొత్తం చెప్పేశాడు. ఊదా నీళ్లు, స్పిరిటు, రబ్బరు, చీటీ, ఏదీ దాచలేదు. "రాసింది మీరేనమ్మా. ఎడమకు వాలిన చిన్న అక్షరాలు. నా కళ్లతో చదివాను" అన్నాడు.

ఆమె చివరిదాకా తల ఊపుతూ వింది. తర్వాత ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఈ ముసలిదాన్ని ఊరడించడానికి ఇంత దూరం వచ్చావా నాయనా. నా కోసం నీ మీద నువ్వే నేరం మోపుకుంటున్నావా" అంది.

"ఊరడింపు కాదమ్మా. మాట కింద, ఇది మా అమ్మ అన్న మాట, మార్చవద్దు అని రాశారు. అది మీరు నాకెప్పుడూ చెప్పలేదు. చదవకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఒక్క క్షణం ఆమె చేతులు బిగిశాయి. కళ్లు ఎక్కడో వెతికాయి. తర్వాత ఆ చేతులు మెల్లగా వదులయ్యాయి.

"చెప్పే ఉంటాను. సోమవారాల్లో నీతో ఏమేం వాగానో నాకు గుర్తుందా ఏమిటి" అంది నవ్వుతూ. "అది ఆయన రాతే నాయనా. ఇప్పుడెవరు అడిగినా అదే చెబుతున్నాను."

మంచినీళ్లిచ్చారు, తాగాడు. ఇంకోసారి మొదలుపెట్టబోతే ఆమె చెయ్యి ఎత్తి వద్దంది. మేనకోడలు ఆయన్ని మెట్ల దాకా సాగనంపి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఏడాది పాటు పిచ్చిదానిలా తిరిగింది బాబాయ్ గారూ. తనకే మతి తప్పిందని భయపడి చచ్చింది. ఇప్పుడిప్పుడే సర్దుకుని నిద్రపోతోంది. దయచేసి మళ్లీ ఆ సంగతి ఎత్తడానికి రాకండి."