కూడలి దగ్గర పెద్దమ్మ

మా పెద్దమ్మ బడిలో పియానో టీచరు. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు "మెల్లగా టీచరు". ఎవరు వాయిస్తున్నా పక్కన కూర్చుని "మెల్లగా, మెల్లగా" అంటుంది. ఇంట్లో మాత్రం ఆ మాటకు చోటు లేదు. పాలు పొంగాయంటే వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది. పెద్దనాన్న సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని వచ్చి, ఆమె వాయిస్తుంటే సోఫాలో గుర్రు పెట్టి నిద్రపోతాడు. అదీ ఒక రకం మెప్పే అంటుంది ఆమె. ఏం జంటో!

ఆమెకు ప్రాణమైన సొనాటా ఒకటుంది, రెండు పాటలు అల్లుకుని సాగే పెద్ద పియానో రచన. సెలవులకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా విని విని నాకూ కంఠతా వచ్చేసింది. మాటలే లేని పాటకు నువ్వెందుకు కళ్ళు తుడుచుకుంటావని చిన్నప్పుడొకసారి అడిగాను.

"మొదటి పాట ఇంట్లో పుడుతుందనుకోవే. రెండో పాట పక్క ఊళ్ళో పుడుతుంది. తర్వాత రెండూ దారి తప్పి, ముక్కలు ముక్కలై తిరుగుతాయి. ఇక ఇల్లు దొరకదనుకున్నప్పుడు మొదటి పాట వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఈసారి రెండో పాట కూడా మనింటికే వస్తుంది. అక్కడ ఏడుపు రాకపోతే నువ్వు మనిషివే కాదు" అంది.

నాకు రాలేదు. ఆ సంగతి పైకి అనలేదు.

పాటలోని ఆ ఇంటి దారిలోనే ఆమెకు ఒకసారి దెబ్బ తగిలింది. చదువుకునే రోజుల్లో పరీక్షకు ఇదే సొనాటాను స్వరాల పుస్తకం చూడకుండా వాయించింది. రెండు పాటల మధ్య ఒక కూడలి ఉంటుంది. మొదటిసారి అక్కడినుంచి పక్క ఊరికి మళ్ళాలి, రెండోసారి ఇంటికి. రెండుసార్లూ స్వరాలు ఒకేలా ఉంటాయి. చేతులు అలవాటు కొద్దీ పాత దారి పట్టాయంటే ఊరంతా తిరిగి మళ్ళీ అక్కడికే వస్తారు. పెద్దమ్మ గానుగెద్దులా తిరిగి తిరిగి, మధ్యలోనే లేచి బయటికి వచ్చేసిందట. అప్పటినుంచి నలుగురిలో పుస్తకం లేకుండా పియానో ముట్టలేదు.

రిటైరయ్యే రోజు ఏదైనా వాయించమని హెడ్మిస్ట్రెస్ అడిగింది. అప్పటికి పెద్దమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, కొత్త కళ్ళజోడు ఇంకా రాలేదు. పుస్తకంలో స్వరాలు చీమల్లా పాకుతున్నాయి. చూడకుండా వాయించాలి, లేదా మానుకోవాలి.

"మానెయ్. ఎవరేమంటారు?" అన్నాడు పెద్దనాన్న.

"ఎవరూ ఏమీ అనరు. నా బాధ నాది. ఒక్కసారైనా నలుగురి ముందు దాన్ని ఇంటికి చేర్చకుండా వెళ్ళిపొమ్మంటారా?"

"రోజూ ఇక్కడ చేరుస్తూనే ఉన్నావుగా!"

"ఖాళీ బస్సు నడపడమూ, నిండు బస్సు నడపడమూ ఒకటేనా?"



ఆ రోజు పొద్దున్నుంచి ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బడి హాల్లో ముందు వరసలో కూర్చున్నాం. మొదటి పాట బాగా వచ్చింది. పక్క ఊరి పాట ఇంకా బాగా వచ్చింది. దారి తప్పే భాగంలో హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. మొదటి పాట మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను. కూడలిలో ఆమె చేతులు చక్కా పోయి పక్క ఊరి దారి పట్టాయి.

పెద్దనాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ నిద్రలో విన్న మనిషికీ తెలిసిపోయింది. మిగతావాళ్ళు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు, వాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ తప్పదన్నట్టు పక్క ఊరంతా తిరిగింది. ముక్కల దారంతా మళ్ళీ నడిచింది. సరిగ్గా గుమ్మం ముందుకు వచ్చి, చేతులు పైకెత్తి ఆగిపోయింది.

ఇంక లేచిపోతుంది అనుకున్నాను. కుర్చీ కిర్రుమంది. ఆమె లేవలేదు. చేతులు అలాగే గాల్లో ఉన్నాయి.

అప్పుడు మొదటి పాట వచ్చింది, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు, ఒక్కో స్వరమే. కూడలి దగ్గర ఎడమ చెయ్యి కాస్త తటపటాయించి కిందికి దిగింది. రెండో పాట ఇంటి శ్రుతిలో మొదలైంది. అదే పాట, కానీ ఇక ఎక్కడికీ పోనక్కర్లేని మనిషి మాట్లాడినట్టు గొంతు తగ్గింది. నాకు ఏడుపొచ్చింది, ముక్కు కారేంత ఏడుపు. ఇన్నేళ్ళూ ఆమె ఎలాగూ చేరుతుందన్న ధీమాతోనే విన్నాను కదా. పెద్దనాన్న సిగ్గు లేకుండా బావురుమన్నాడు.

అయిపోయాక హెడ్మిస్ట్రెస్ కళ్ళొత్తుకుంటూ వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"మధ్యలో అలా ఆపారు చూడండి మేడమ్, అబ్బ, ఎంత బాగా ఆపారో! ఇక తిరిగి రారేమో అనిపించింది నాకు."

"నాకూ అలాగే అనిపించిందండీ" అంది పెద్దమ్మ. అని, అందరూ చూస్తుండగానే కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.