అరగంట ఆగితే చెప్పేవాడు

మా బావ పోయాడన్న కబురు నాకు ఉస్మాన్‌గంజ్‌లో, ఎండుమిరప బస్తాల నడుమ అందింది. ఛత్రినాక నుంచి సైకిలు మీద వచ్చిన పెద్ద మేనల్లుడు దుకాణం మెట్లు కూడా ఎక్కకుండా, "మామా, బాపు పోయిండు" అన్నాడు. నా కళ్లలో నీళ్లు చూసి హమాలీలు మిరప ఘాటనుకున్నారు. ముప్పై ఏళ్లుగా అదే దుకాణంలో గుమాస్తాగా ఉన్నవాడికి ఇవాళ కొత్తగా ఘాటేమిటని ఒక్కరూ అడగలేదు. అడగనందుకు వాళ్లకు నమస్కారం.

బావ అంటే మా అక్క భర్త. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన సంగతి ఒకసారి నా నోట బయటపడి చేసిన చెరుపు చాలు. ఈసారి కాగితం మీద, ఏమీ కలపకుండా, ఉన్నదున్నట్టు చెబుదామని కూర్చున్నాను. నాకది అలవాటు లేని పని.

ఆయన హుస్సేన్‌సాగర్ అవతల ఒక పెద్దమనుషుల క్లబ్బులో, బారులో బేరరు. ఇరవై రెండేళ్లు చేశాడు. ఇస్త్రీ చేసిన తెల్లకోటును పాత పేపర్లో చుట్టి సైకిలు హ్యాండిలుకు కట్టుకుని వెళ్లేవాడు. ఆ రోజుల్లో నగరం చుట్టూ కొత్త కర్మాగారాలు లేస్తున్నాయి. యంత్రాలు బిగించడానికి చెక్కు దేశం వాళ్లు, జర్మన్లు, ఇంగ్లీషు వాళ్లు వచ్చేవారు. వాళ్లు తెప్పించుకున్న బీరు పెట్టెలు క్లబ్బు ఐసుపెట్టెలో ఉండేవి. దిగుమతి మీద సవాలక్ష ఆంక్షలున్న కాలం కదా, ఫారిన్ బీరు కంటబడేదే అలాంటి చోట. క్లబ్బు మెంబర్లు వాళ్లతో కూర్చుని కూర్చుని ఆ రుచి మరిగారు. మరిగారే గాని, ఏది ఎప్పుడు తెరవాలో వాళ్లకు తెలియదు. మా బావను అడిగేవారు.

ఆయన చెబితే తిరుగుండేది కాదు. నల్ల సీసా ఇవాళ వద్దు సాబ్, దారిలో ఎండ తిన్నది, పచ్చ సీసా తీయిస్తాను అని ఉర్దూలో నెమ్మదిగా చెప్పేవాడట. ఇంటి దగ్గర మాకు మన లెక్కలో చెప్పేవాడు. చెక్కు దేశం బీరు మొదట వేపపువ్వు, ఆ తర్వాత ఇరానీ హోటల్ బన్ను కింద మాడిన పొర. ఇంగ్లీషు వాళ్లది వానకు తడిసిన గోనెసంచి. "గని మంచి సంచి" అని వెంటనే సర్దేవాడు. నల్లబీరు వేయించిన చింతగింజల కాఫీ.

చింతగింజల కాఫీ ఇప్పటివాళ్లు ఎరగరు. యుద్ధం రోజుల్లో మా అమ్మ కాచేది. అది తాగి తాగి నేను కాఫీ అంటేనే రోసి చాయ్ మనిషినయ్యాను. చాయ్ మనిషిని కాబట్టి ఇరానీ హోటళ్లలో కూర్చోవడం మరిగాను. ఆ కూర్చోవడమే మా బావ కొంప ముంచింది. ఎక్కడికో పోతున్నాననుకోకండి, అక్కడికే వస్తున్నాను.

పేటలో పెళ్లి కుదిరితే మగవాళ్లు మొదట వచ్చేది బావ దగ్గరికే. "అన్నా, బరాత్‌కు ఏ బీరు తెమ్మంటవ్?" అనేవారు. "ఏదన్న తే. సీస బోర్లేసి ఎండకు పట్టి సూడు. అడుగు నుంచి మబ్బు లేస్తే దుకాణపోనికే ఇడువు. పై పెట్టెలయి తేకు, కిందియి అడుగు" అనేవాడు. వాళ్లు తలూపి, పంతులు ముహూర్తం పెట్టినంత నమ్మకంగా వెళ్లేవారు.

ఆదివారాలు జేబులోంచి సీసాల మూత బిళ్లలు తీసేవాడు. వాటి లోపల సన్నటి బెండు పొర ఒకటుండేది. దానికి బీరు వాసన పట్టి ఉండేది. నలుగురం అరుగు మీద కూర్చుని వంతులవారీగా ముక్కు దగ్గర పెట్టుకుని జర్మనీ చూసేవాళ్లం. పక్కింటి దర్జీ ఒకసారి గట్టిగా పీల్చి, "మస్తున్నదన్నా, నాకెక్కింది" అని గోడ పట్టుకుని ఇంటికి నడిచాడు. "ఓరి, బిళ్లకే గిట్లయితే సీసకు నిన్ను నలుగురు మొయ్యాలె గదరా" అన్నాడు బావ. అలా నవ్విన రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి ఒక ఆదివారం నేనే అడిగాను. "బావా, నీ జీతానికి గా సీస బిళ్ల గుడ రాదు. రుచి ఎట్ల తెలుసు నీకు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "నాకోసం ఒక్క సీస తెరవలే బామ్మర్దీ. దొరలు గ్లాసుల అడుగున ఇడుస్తరు గదా. గది."

మధ్యాహ్నం మూడింటికి మెంబర్లు లేచిపోయాక, గ్లాసులు కడిగే గదిలో, ఒక్కో గ్లాసు అడుగున మిగిలిన అంగుళం నుంచి ఒక్కో గుక్క. ఏ గ్లాసు ఏ సీసాదో ఆయనకే తెలుసు. నాలుక మీద ఉంచుకుని, కళ్లు మూసుకుని, మింగి, గ్లాసు కడిగేసేవాడు.

"ఎంగిలి గదా బావా?"

"ఎంగిలే. నాకు తెల్వదా? మా అవ్వ బతికుంటే ఇంట్లకు రానియ్యకపోవు. గని గా రుచి తెల్సుకోవాలంటే నాకింకో తొవ్వ యాడిది?" అన్నాడు. "సల్లగున్నప్పుడు బీరు అందరితోని మంచిగనే ఉంటది. సల్లదనం పోయినంకనే దాని గుణం బయటవడ్తది. దొరలకు గుణం తెల్వది. నాకు తెలుసు. మీ అక్కకు చెప్పకు."

చెప్పలేదు. అక్కకు మాత్రమే చెప్పలేదు.

ఎమర్జెన్సీకి ముందు ఏడాది మా సేఠ్ అల్లుడు ఆబిడ్స్ వైపు హోటలు కట్టించాడు. ఫారిన్ వాళ్లకు ఫారిన్ మందు పోసే లైసెన్సు వచ్చింది. బారంతా చూసుకునే మనిషి కావాలని సేఠ్ నాతో అన్నాడు. నేను మా బావ పేరు చెప్పాను. నేను చెప్పడం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. బళ్లో నా చదువు మూడో తరగతి. మిగతాదంతా దుకాణంలో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీదే. పొట్లం కాగితంలో కథ సగంలో మొదలై సగంలో చిరిగిపోతుంది. మిగతా సగం చదివేవాడే అల్లుకోవాలి. ఆ అలవాటు నన్ను వదల్లేదు. కళ్లకు గంతలు కట్టినా ఒక్క గుక్కతో దేశం పేరు చెప్పేస్తాడు సేఠ్, అన్నాను. సేఠ్ అల్లుడు దాన్ని మాటవరసగా తీసుకోలేదు. పరీక్ష పెడతానన్నాడు.

బావకు జీతం సంగతి పట్టలేదు. ఒకే మాట పట్టుకున్నాడు. "కుర్చీ ఇస్తరట బామ్మర్దీ. కూసోని చెప్పొచ్చట, ఇది మంచిది, ఇది వద్దు అని. కూసోని!" ఇరవై రెండేళ్లు నిలబడి చెప్పిన మనిషి. ఆ వారమంతా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీని తుడిచి తుడిచి కూర్చున్నాడట. అక్క నవ్వి, "గీ కుర్చీకి ముందు అలవాటు కా, గా కుర్చీ సంగతి తర్వాత" అందట.

పరీక్ష రోజు పగలు పదకొండు గంటలు. హోటలు గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. బల్ల మీద మూడు గ్లాసులు. గుడ్డ చుట్టి లేబుళ్లు దాచిన సీసాల్లోంచి పోశారు. సీసాలు ఐసులోంచి అప్పుడే తీసినవి. సేఠ్ అల్లుడి పక్కన ఆయన స్నేహితుడొకడు కూర్చున్నాడు. బావ పనిచేసే క్లబ్బు మెంబరే. మా బేరర్ నాలుక ఎలాంటిదో చూడు అని వచ్చినప్పటి నుంచీ గొప్పలు పోతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

బావ మొదటి గ్లాసు ఎత్తాడు. మీసానికి నురగ అంటుకుంది. తుడుచుకోవాలని ఆయనకు తోచలేదు. ఇరవై రెండేళ్లు బీరు పోసిన మనిషి మీసానికి నురగ అంటడం అదే మొదలని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. రెండోది తాగాడు. మూడోది తాగాడు. మళ్లీ మొదటిది తాగాడు. రోజూ పలకరించే మనుషులంతా ఒక్కసారిగా మొహం తిప్పుకుని నడిచిపోతున్నట్టు చూస్తున్నాడు.

"బోలో భాయ్" అన్నాడు అల్లుడు.

"ఠండా హై సాబ్" అన్నాడు బావ. చల్లగా ఉంది అని.

"వో తో హమ్‌కో భీ మాలూమ్." అది మాకూ తెలుసు అని.

బావ నుదురు తుడుచుకున్నాడు. "ఆధా ఘంటా రహ్‌నే దేవ్ సాబ్. ఫిర్ బోల్తూఁ." అరగంట అలా ఉండనివ్వండి, తర్వాత చెబుతాను అని.

"ఆధా ఘంటా కాయ్‌కు?" అరగంట దేనికట.

బావ నావైపు చూశాడు.

అక్కడ ఒక్క అబద్ధం చాలు. ఫారిన్‌లో తెలిసినవాళ్లు ఇలాగే చూస్తారు సేఠ్, చల్లదనం పోనిచ్చి చూస్తారు అంటే సరిపోయేది. నమ్మేవారు. చిరిగిన కథలన్నిటికీ ముగింపులు అల్లినవాడికి ఆ క్షణాన నోట మాట లేదు. ఎందుకు లేదని పదమూడేళ్లుగా వెతుకుతున్నాను. సేఠ్ అల్లుడి ముందు నా పరువు పోతుందన్న భయం తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఆ మెంబరుకే వెలిగింది. "అచ్ఛా! ఇసీకే వాస్తే హమారే గిలాసాఁ తూహీచ్ ఉఠాతా థా!" అన్నాడు. మా గ్లాసులు ఎప్పుడూ నువ్వే ఎందుకు తీసేవాడివో ఇప్పుడు తెలిసింది అని. ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత మొహం మారిపోయింది. ఇన్నాళ్లూ తాను మెచ్చుకున్న సలహా తన ఎంగిలిలోంచే వచ్చిందని అప్పుడు తట్టినట్టుంది.

కుర్చీ రాలేదు. వారం తిరక్కుండా క్లబ్బులో నిలబడే చోటు కూడా పోయింది. దొంగతనం అనలేదు, తాగుబోతని అనలేదు. శుభ్రత లేదన్నారు. ఇరవై రెండేళ్లు వాళ్ల గ్లాసులు కడిగిన మనిషిని.

ఇక నా సంగతి. ఆ సాయంత్రమే నేను ఇరానీ హోటల్లో కూర్చుని దాన్ని కథ చేశాను. మీసం మీద నురగ, ఠండా హై సాబ్, అన్నీ. అరగంటను గంట చేశాను. జనం బల్లలు చరిచి నవ్వారు. నా ముందు చాయ్ తర్వాత చాయ్ వచ్చింది. బావను నవ్వులపాలు చేయాలని చెప్పలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నా సిగ్గును ఎక్కడో పారబోయాలి, నాకు తెలిసిన చోటు అదొక్కటే అని. వినడానికి బాగుంది. నవ్వులు మాత్రం ఆయనమీదే పడ్డాయి.

కథ నాకంటే ముందే ఛత్రినాక చేరింది. బరాత్‌కు సలహా అడిగిన మగవాళ్లే మూలమీద నిలబడి, "అన్నా, గ్లాసుల జర్ర మిగిలింది. జర్మనీదో, మన గల్లీదో చెప్పి పో" అనేవారు. ఆయన సైకిలు దిగకుండా పోయేవాడు. దర్జీ ఒక్కడే ఏమీ అనలేదు.

నేను వెళితే అక్క గుమ్మంలోనే ఆపింది. "హోటల్ల మస్తు నవ్విండ్రంట గదా. ఒక్క మాట చెప్పు తమ్మీ, ఎన్ని చాయ్‌లు తాపిండ్రు నీకు?" అంది. లోపలికి రమ్మనలేదు. బావ లోపల్నుంచి వచ్చాడు. కోపంగా లేడు. కోపమే నయం.

"కథల ఎంతసేపు అన్నవ్ బామ్మర్దీ? అరగంటనా, గంటనా?"

"గంట అన్న బావా."

"అరగంటే" అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఉస్మాన్‌గంజ్‌లోనే గోనెసంచుల గోదాముకు పగటి కావలి కుదిరాడు. మా దుకాణానికి నాలుగు దుకాణాల అవతల. పదేళ్లకు పైగా రోజూ కనబడ్డాడు. ఎండ గురించి, బస్తాల గురించి, పిల్లల గురించి మాట్లాడాడు. బీరు మాట ఎత్తలేదు. నేను చాయ్ పంపిస్తే చివరి చుక్కదాకా తాగి, గ్లాసు తనే కడిగి పంపేవాడు. మా దుకాణంలో పనివాళ్లు, పెద్దాయన ఎంత నీటైన మనిషని మెచ్చుకునేవారు. నేను ఆ కడిగిన గ్లాసు వైపు చూడకుండా చిట్టా రాసుకునేవాణ్ని. క్షమించమని అడగడానికి ఆ నాలుగు దుకాణాలు దాటలేకపోయాను. రేపు అడుగుదామనుకున్నాను. రేపులు పదేళ్లున్నాయి.

మొన్న పదకొండో రోజున డాబా మీద పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం చూడటం, అది ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిందని ఒక్కొక్కరూ మాట ఇవ్వడం మాకు ఆనవాయితీ. అన్నం, మటన్, గారెలు పెట్టారు. "క్లబ్బుల జేసినోడు గదా, బీరు వెట్టుండ్రి" అన్నాడు దర్జీ. ఏ బీరు? పేటకంతా చెప్పిన మనిషి తనకేది ఇష్టమో చెప్పలేదు. ఎవరం అడగలేదు. మేనల్లుడు వెళ్లి ఏదో ఒక సీసా చల్లటిది తెచ్చి, గాజు గ్లాసు నిండా పోసి పెట్టాడు.

కాకి రాలేదు. "అవ్వను మంచిగ సూస్కుంట బాపూ" అన్నాడు కొడుకు. రాలేదు. "తమ్మునితోని ఇగ కొట్లాడ బాపూ" అంది కూతురు. రాలేదు. పిల్లలు ఆకలని గునుస్తున్నారు. అప్పుడు అక్క నావైపు తిరిగింది. పదమూడేళ్ల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"నువ్వు చెప్పు. మాటలు నీకే గదా వచ్చేది."

చేతులు కట్టుకుని విస్తరి ముందు నిలబడ్డాను. "బావా, నోరు తెర్వాల్సిన కాడ తెర్వలే. మూస్కోవాల్సిన కాడ మూస్కోలే. తప్పైంది" అన్నాను. నా బతుకులో అంత పొట్టి మాట చెప్పి ఊరుకోవడం అదే మొదలు.

చాలాసేపటికి పక్కింటి గోడ మీద ఒక కాకి వాలింది. వచ్చి అన్నం ముట్టింది. గారె ముట్టింది. మటన్ ముక్క ఎత్తుకుంది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ చేతులు జోడించి, ఊపిరి పీల్చుకుని, భోజనాలకు మెట్లు దిగారు. కాకి గ్లాసు దగ్గరికి వచ్చి, తల వంచి, ఒక పక్క కంటితో చూసింది. ముట్టకుండా ఎగిరిపోయింది. అక్క అదీ చూసింది. నన్ను భోజనానికి పిలవకుండా కొంగు సర్దుకుని దిగిపోయింది.

డాబా మీద నేనొక్కణ్నే మిగిలాను. నురగంతా పోయింది. గ్లాసు బయటి చెమట కూడా ఆరిపోయింది. చల్లదనం పోయాక బీరు అంత తేటగా ఉంటుందని నాకు తెలియదు. ఒక్క గుక్క తగ్గకుండా నిండుగా ఉంది. దానిలోంచి దిగిన ఎండ గచ్చు మీద పసుపుపచ్చగా పడి, ఎంతసేపు చూసినా కదల్లేదు.